పాత కటకం – కొత్త కన్ను

యంత్రయుగంలో వస్తువుల ఆయుర్దాయం నానాటికీ తగ్గిపోతున్నది. తాతగారి చేతిగడియారాన్ని తండ్రి, తండ్రి సైకిలును కొడుకు వాడుకొన్న రోజులు వెనుకబడ్డాయి. నేడు ముచ్చటపడి కొన్న సెల్‌ఫోను నాలుగేళ్ళు తిరిగేసరికి పాతబడిపోతుంది. కెమెరాల సంగతీ ఇంచుమించు అంతే. అయితే కెమెరాకు కన్ను వంటిదైన కటకం, అంటే లెన్సు, ఈ నియమానికి చాలావరకు మినహాయింపు. యాభై అరవై ఏళ్ళ కిందట తయారైన లెన్సును ఈనాటి డిజిటల్ కెమెరాకు బిగించి చక్కని ఫోటోలు తీయవచ్చు. కెమెరా లోపల ఫిలిం పోయి ఎలక్ట్రానిక్ సెన్సరు వచ్చింది. వెలుగు మాత్రం మారలేదు. గాజులో ప్రవేశించినప్పుడు అది వంగే తీరూ మారలేదు.

కొన్నేళ్ళుగా నేను ఆరుబయట తీసే ఫోటోలలో ఎక్కువ భాగం ఇటువంటి పాత లెన్సులతోనే తీస్తున్నాను. వీటిలో విద్యుత్తు లేదు, మోటారు లేదు, కెమెరాతో మాట్లాడే చిప్పు లేదు. దృశ్యం స్పష్టంగా కనబడేవరకు వలయాన్ని చేతితో తిప్పుకోవాలి. ఎంత వెలుగు లోపలికి రావాలో చేతితోనే నిర్ణయించుకోవాలి. “అన్నీ తనంతట తానే చేసే కెమెరా ఉండగా నీకీ అవస్థ ఎందుకయ్యా?” అని మిత్రులు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు నేను ఇవ్వదలచిన సమాధానమే ఈ వ్యాసం.

నా దగ్గర ఉన్న పాత లెన్సులలో మొదటిది హీలియోస్ 44-2. ఇది మా మేనమామగారిది. కృష్ణాతీరాన ఒక చిన్న పట్టణంలో ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా ఫోటో స్టూడియో నడిపారు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో సోవియట్ దేశపు తెలుగు పుస్తకాలు కారుచౌకగా దొరికిన కాలమది. అదే దేశం నుంచి వచ్చిన జెనిట్ కెమెరాను మామయ్య ఎవరి వద్దనో కొన్నారట. దానితోపాటు వచ్చినదే ఈ లెన్సు. 2007లో స్టూడియో మూసివేసినప్పుడు సామాను అంతా పంచిపెట్టారు. ఈ లెన్సును మాత్రం చిన్న గుడ్డసంచిలో చుట్టి నా చేతికిచ్చారు.

ఈ లెన్సుకు గొప్ప వంశవృక్షమే ఉంది. 1930లలో జర్మనీలోని కార్ల్ జైస్ సంస్థ బయోటార్ అనే లెన్సును రూపొందించింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ నిర్మాణ రహస్యం సోవియట్ యూనియన్‌కు చేరింది. మాస్కో సమీపంలోని క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలోనూ, తరువాత మరి కొన్ని కర్మాగారాలలోనూ అదే నిర్మాణంతో హీలియోస్ లెన్సులు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. నాలుగు జట్లుగా అమర్చిన ఆరు గాజు కటకాలు, వాటి నడుమ వృత్తాకారంలో ముడుచుకొని విచ్చుకొనే ఎనిమిది లోహపు రేకులు. స్థూలంగా దాని నిర్మాణమింతే. 58 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఈ లెన్సు అరచేతిలో ఇమిడిపోతుంది. దీనిని తయారుచేసిన దేశం 1991లో ముక్కలైంది. దీనికోసం చేసిన కెమెరా అటకెక్కింది. లెన్సు మాత్రం ఇప్పటికీ పని చేస్తూనే ఉంది.

మామయ్య నాటి ఛాయాగ్రహణానికీ నేటి ఛాయాగ్రహణానికీ ప్రధానమైన తేడా ఖర్చులో ఉంది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ కాలంలో ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క గాజుపలక కావలసి వచ్చేది. ఫిలిం చుట్టలు వచ్చాక ఒక చుట్టలో 36 ఫోటోలకు చోటు దొరికింది. మన దేశంలోనే ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ కర్మాగారం ‘ఇందు’ పేరుతో ఫిలిం తయారుచేసింది. అయినా ఫిలిం ఖరీదు, రసాయనాల ఖరీదు, కాగితం ఖరీదు కలిపి చూసుకొంటే మీట నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చయినట్లే. కనుక ఛాయాగ్రాహకుడు ముందు చూసేవాడు, ఆలోచించేవాడు, ఆ తరువాతే మీట నొక్కేవాడు. నేడు వెయ్యి ఫోటోలు తీసినా అదనపు ఖర్చు లేదు. ఇది వరమే. కానీ ఈ వరంతోపాటు చూడకుండానే తీసే అలవాటు కూడా మనకు పట్టుబడింది. విహారయాత్రకు వెళ్ళి నాలుగు వందల ఫోటోలు తీసుకొని వచ్చినవారిని, అక్కడి చెట్లు ఏ చెట్లో, నీడ ఎటువైపు పడుతున్నదో అడిగి చూడండి. చాలామంది ఫోను తెరచి వెదుక్కొంటారు.

ఇక పాత లెన్సు కొత్త కెమెరాకు ఎలా అమరుతుందో చూద్దాం. ఇందులో చిన్న లెక్క ఉంది. ప్రతి లెన్సు తన వెనుక ఒక నిర్ణీతమైన దూరంలో బింబాన్ని ఏర్పరచేటట్లు తయారవుతుంది. హీలియోస్ వంటి మరలెన్సులకు ఆ దూరం 45.46 మిల్లీమీటర్లు. పాత ఫిలిం కెమెరాలలో లెన్సుకూ ఫిలింకూ మధ్య ఒక అద్దం పైకి కిందికి కదలాలి. ఆ అద్దానికి చోటు కావాలి కనుక అంత దూరం ఉంచారు. మొదటి తరం డిజిటల్ కెమెరాలలోనూ ఆ అద్దం ఉండేది. అందువల్ల అన్ని పాత లెన్సులూ అన్ని కెమెరాలకూ అమరేవి కావు. 2008లో ఆ అద్దాన్ని తొలగించిన కెమెరాలు వచ్చాయి. 2010లో సోనీ సంస్థ ప్రవేశపెట్టిన కెమెరాలలో లెన్సు బిగించే చోటికీ సెన్సరుకూ మధ్య దూరం 18 మిల్లీమీటర్లు మాత్రమే. 45.46 నుంచి 18 తీసివేయండి. 27.46 మిల్లీమీటర్లు మిగులుతుంది. సరిగ్గా అంత పొడవు గల లోహపు గొట్టాన్ని మధ్యలో బిగిస్తే, పాత లెన్సు తాను పాత కెమెరా మీదనే ఉన్నానన్నట్లు బింబాన్ని సెన్సరు మీద నిలుపుతుంది. అడాప్టరు అని పిలిచే ఆ గొట్టంలో గాజు లేదు, తీగ లేదు. ఖరీదూ తక్కువే.

ఇంత సులువుగా ఇది సాధ్యం కావడానికి మరొక కారణం కూడా ఉంది. 1949 ప్రాంతంలో జర్మనీలోని డ్రెస్డెన్ పరిసరాలలో తయారైన కెమెరాలకు 42 మిల్లీమీటర్ల వ్యాసమూ, ఒక మిల్లీమీటరు ఎడమ గల మరచుట్టు పెట్టారు. లెన్సును సీసా మూతలా తిప్పి బిగించడమే. ఆ పద్ధతిని జపాను, సోవియట్ దేశం, మరెన్నో సంస్థలు అనుసరించాయి. ఒకరి లెన్సు మరొకరి కెమెరాకు సరిపోయేది. పదిమందీ ఒప్పుకొన్న ఒక చిన్న కొలత డెబ్బై ఏళ్ళ తరువాత కూడా ఆ లెన్సులన్నిటినీ కాపాడుతున్నది.

లెన్సును బిగించాక పని మనదే. ముందుగా కెమెరా మెనూలో, లెన్సు లేకపోయినా మీట పనిచేయాలన్న అమరికను ఎంచుకోవాలి. ఎందుకంటే తన మీద లెన్సు ఉన్నదనే సంగతే కెమెరాకు తెలియదు. తీసిన ఫోటోతోపాటు నమోదయ్యే వివరాలలో లెన్సు పేరు ఉండదు, రంధ్రం కొలత ఉండదు. ఆ నిర్ణయాలు ఎవరు తీసుకొన్నారో తీసిన మనిషికి మాత్రమే గుర్తుండాలి.

లెన్సు మీద అపెర్చర్ వలయం ఉంటుంది. దాని మీద 2 నుంచి 16 వరకు అంకెలు చెక్కి ఉంటాయి. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది. రంధ్రం పెద్దదైనప్పుడు స్పష్టంగా కనబడే లోతు తగ్గిపోతుంది. ఒక మీటరు దూరంలో కూర్చున్న మనిషిని ఈ లెన్సుతో, పూర్తి పరిమాణపు సెన్సరు గల కెమెరా మీద, 2 అంకె దగ్గర తీస్తే స్పష్టత మూడున్నర సెంటీమీటర్ల లోతుకు మాత్రమే పరిమితం. కళ్ళు స్పష్టంగా ఉంటాయి, చెవులు మసకబారతాయి. అదే లెన్సును 11 అంకె మీద ఉంచి పది మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, సుమారు ఐదు మీటర్ల నుంచి దిగంతం దాకా అంతా స్పష్టమవుతుంది. ఈ సంగతిని లెన్సు ఒంటి మీద చెక్కిన గీతలే చెబుతాయి. భౌతికశాస్త్ర పాఠంలో చదివిన నాభ్యంతరం, బింబదూరం నాకు నిజంగా అర్థమైనది ఈ గీతలను చదవడం నేర్చాకనే.

వెలుగును కొలిచే విద్య మరొకటి. జెనిట్‌లో వెలుగుమాపకం ఉన్నా మామయ్య దానివైపు చూసేవారు కారు. “ముందు వెలుగు ఎటునుంచి వస్తున్నదో చూడరా అబ్బాయీ! కెమెరా ఆ తరవాత తీద్దువుగాని” అనేవారు. ఎండను చూసి ఆయన చెప్పే లెక్కకు ఆధారం ఛాయాగ్రాహకులందరికీ తెలిసిన పాత సూత్రమే. నిండు ఎండలో అంకెను 16 మీద ఉంచి, ఫిలిం వేగం 100 అయితే సెకనులో వందోవంతుకు దగ్గరగా, అంటే 125వ వంతు కాలం రెప్ప తెరవాలి. పలుచని మబ్బు పడితే 11, మబ్బు చిక్కనైతే 8, ఆకాశమంతా మూసుకొంటే 5.6. ఈ సూత్రం నేటి సెన్సర్లకూ వర్తిస్తుంది. నేను ఇప్పటికీ ముందు కంటితో అంచనా వేసుకొని, తరువాత కెమెరా ఏమంటున్నదో చూస్తాను. రెండింటికీ తేడా వచ్చిన రోజున ఎందుకు వచ్చిందా అని ఆలోచిస్తాను. తెల్లని ఇసుకో, నల్లని రాయో కారణమై ఉంటుంది. ఆ ఆలోచనలోనే ఆ చోటు నాకు కొంత పరిచయమవుతుంది.

ఒక శీతాకాలపు తెల్లవారుజామున కడప సీమలోని గండికోటకు వెళ్ళాను. పెన్నానది ఎర్రని రాతికొండలను కోసుకొంటూ పారిన లోయ అంచున నిలబడితే గాలికి బట్టలు రెపరెపలాడుతున్నాయి. తూర్పు తెల్లబడింది. చుట్టూ ఉన్నవారు ఫోన్లు ఎత్తి నిమిషంలో ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయారు. నేను లెన్సును 11 మీద ఉంచి, పది మీటర్ల గుర్తు దగ్గర వలయాన్ని ఆపి, కెమెరాను ముక్కాలిపీట మీద నిలిపాను. ఇక సరిచేయవలసింది ఏమీ లేదు. చూడడమే మిగిలింది. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ ఎదుటి రాతిగోడ మీది నీడ మెట్టుమెట్టుగా కిందికి దిగసాగింది. దిమ్మ మీద దిమ్మ పేర్చినట్లున్న రాళ్ళ సందుల్లో ముందు ఊదారంగు, తరువాత ఇటుకరంగు, ఆ పైన తేనెరంగు కనబడ్డాయి. గంటన్నరలో నేను తీసినవి తొమ్మిది ఫోటోలు. వాటిలో రెండు బాగున్నాయి. ఆ రాతిగోడ మీద వెలుగు నడిచిన తీరు మాత్రం ఫోటో చూడకుండానే ఈనాటికీ చెప్పగలను.

కదలని కొండల సంగతి సరే, కదిలే పక్షుల మాటేమిటి? కైకలూరు దగ్గర ఆటపాకలో, కొల్లేటి సరస్సు అంచున, గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకొంటాయి. అక్కడికి 135 మిల్లీమీటర్ల పాత లెన్సు తీసుకొని వెళ్ళాను. ఎగిరే పక్షి వెంట వలయం తిప్పుతూ పోవడం వృథా శ్రమ అని కాసేపటికే తెలుస్తుంది. అందుకు వేరే ఉపాయముంది. పక్షి ఎక్కడికి వస్తుందో ముందుగా కనిపెట్టి ఆ చోటికి ఫోకస్ చేసి వేచి ఉండడం. పిల్లలకు మేత తెచ్చే గూడబాతు ప్రతిసారీ గాలికి ఎదురుగానే వచ్చి వాలుతున్నదని, వాలే ముందు కాళ్ళు ముందుకు చాపి రెక్కలు వెనక్కి తొలగిస్తున్నదని అరగంట గమనించాక తెలిసింది. కొమ్మ చివరకు ఫోకస్ చేసి ఉంచాను. అది వచ్చి చేరిన క్షణాన మీట నొక్కాను. ఆటోఫోకస్ కెమెరా ఈ పనిని నాకంటె ఎన్నో రెట్లు బాగా చేస్తుంది. కానీ గాలి ఎటునుంచి వీస్తున్నదో తెలుసుకోవలసిన అవసరం అప్పుడు నాకు కలిగేది కాదు.

పాత లెన్సులకు లోపాలు లేవని నేను అనను. గాజు మీద పడిన వెలుగులో కొంత వెనక్కి తిరిగిపోతుంది. దాన్ని తగ్గించేందుకు గాజుకు పలుచని పూత పూసే విధానాన్ని 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా కనుగొన్నాడు. పూత మీద పూత పూసిన లెన్సులు 1970ల నుంచి విస్తృతంగా వచ్చాయి. అంతకు ముందు నమూనాల లెన్సులను సూర్యుడికి ఎదురుగా పెడితే బొమ్మంతా తెల్లని పొగ కమ్మినట్లవుతుంది. హీలియోస్‌ను పూర్తిగా తెరచి చెట్ల ముందు నిలబడిన మనిషిని తీస్తే, వెనుకనున్న ఆకుల సందుల వెలుగుచుక్కలు సుడి తిరిగినట్లు కనబడతాయి. శాస్త్రదృష్టితో ఇది లోపమే. కొందరు దీనికోసమే ఈ లెన్సును వెదకి కొంటారు. జపాను తకుమార్ లెన్సులు కొన్నిటి గాజులో థోరియం కలిపారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గాజు పసుపుబారుతుంది. కొన్నాళ్ళు ఎండలో ఉంచితే ఆ రంగు తగ్గుతుంది.

మన వాతావరణంలో వీటికి పెద్ద శత్రువు బూజు. సముద్రతీరపు ఊళ్ళలో, వానాకాలంలో, మూసిన తోలుసంచిలో ఉంచిన లెన్సు గాజు మీద సాలెగూడు వంటి తీగలు అల్లుకొంటాయి. ముదిరితే అది పూతను కూడా తినివేస్తుంది. గాలి చొరని డబ్బాలో తేమను పీల్చే సిలికాజెల్ పొట్లాలతో ఉంచడం, అప్పుడప్పుడు తీసి వాడడం దీనికి మందు. కొనేటప్పుడు లెన్సులోంచి దీపాన్ని చూసి బూజు ఉన్నదేమో పరిశీలించాలి. వలయాలు నునుపుగా తిరుగుతున్నవో లేదో, రేకులకు నూనె అంటిందో లేదో చూడాలి. పాతది కదా అని అతిగా ధర చెప్పేవారూ ఉన్నారు. ఇక పరుగెత్తే పిల్లలను, ఆటలను, పెళ్ళి తంతును తీసేవారికి నేటి లెన్సులే తగినవి. బతుకుతెరువుకు కెమెరా పట్టినవాడు పని ముందు చూసుకోవాలి, ముచ్చట తరువాత.

మామయ్య విషయం ఒకటి చెప్పాలి. స్టూడియో మూసిన తరువాత ఆయన ఫోటోల ప్రస్తావన తెచ్చేవారు కారు. రంగుల ల్యాబులు, డిజిటల్ యంత్రాలు వచ్చి చీకటిగదిలో నేర్చిన విద్యకు విలువ లేకుండా చేశాయన్న బాధ ఆయన మౌనంలో తెలిసేది. పైగా చూపు మందగించింది. 2014లో ఒకనాడు ఆయన హీలియోస్‌ను కొత్త కెమెరాకు బిగించి ఆయన ముందుంచాను. ఈ కెమెరాలలో ఒక సౌకర్యముంది. బింబంలో ఒక భాగాన్ని ఎన్నో రెట్లు పెద్దదిగా చేసి చూపుతుంది. స్పష్టమైన అంచులను రంగుగీతతో గుర్తిస్తుంది. పెరట్లో తులసికోట దగ్గర కూర్చున్న అత్తయ్య వైపు కెమెరా తిప్పి, పెద్దదైన ఆ బింబంలో చూస్తూ, ఆయన వేళ్ళు వలయాన్ని అటు కొంచెం ఇటు కొంచెం తిప్పాయి. అత్తయ్య కంటిరెప్ప దగ్గర ఆగాయి. ఏడేళ్ళుగా చేయని పని ఆ వేళ్ళు మరచిపోలేదు. తీసిన ఫోటోను తెర మీద చాలాసేపు చూసి, “ఇంకా పనిచేస్తున్నదన్నమాట!” అన్నారు. లెన్సును గురించి అన్నారో, చేతిని గురించి అన్నారో నేను అడగలేదు.

కొత్త యంత్రం పాత నైపుణ్యాన్ని తుడిచివేస్తుందని మనం సాధారణంగా అనుకొంటాం. అది అన్నివేళలా నిజం కాదు. అద్దం లేని ఈ కొత్త కెమెరాలు రాకపోతే లక్షలాది పాత లెన్సులు బీరువాలలోనే బూజుపట్టిపోయేవి. పాతదాని మీది మమకారంతో కొత్తదాన్ని కాదనడం, కొత్తదాని మోజులో పాతదాన్ని పారవేయడం రెండూ తొందరపాటే. రెండింటినీ కలిపే చిన్న గొట్టం ఎక్కడ దొరుకుతుందో వెదకడం వివేకం.

యంత్రం మన పనిని చేసిపెడుతున్నప్పుడు మనకు మిగిలిన సమయాన్ని చూడడానికి వినియోగిస్తే ఆ యంత్రం ధన్యం. చూడడం కూడా యంత్రానికే అప్పగిస్తే మన చేతికి ఫోటో వస్తుంది కానీ దృశ్యం మిగలదు. మీ చేతిలో ఉన్నది ఏ కెమెరా అయినా కావచ్చు, సెల్‌ఫోనైనా కావచ్చు. మీట నొక్కే ముందు వెలుగు ఎటునుంచి వస్తున్నదో, గాలి ఎటు వీస్తున్నదో, నీడ ఎక్కడ పడుతున్నదో ఒక్క నిమిషం చూడండి. పాత లెన్సు నాకు నేర్పినది ఇదే. దీన్ని నేర్చుకోవడానికి అందరికీ పాత లెన్సే కావాలన్న నియమమేమీ లేదు.